హిల్లా కొట్టిన పోడు

మేముండే ఊరి పేరు హిల్లెన్‌రోడె. జర్మనీలో హార్జ్ కొండల కింద, అడవిని ఆనుకుని ఉంటుంది. క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో బస్సులో ఎన్నోసార్లు ఈ ఊరి మీదుగా పోయాను. పసుపుపచ్చ బోర్డు మీద ఆ పేరు చూసి, నా ఇంగ్లీషు మీడియం తెలివితేటలతో, హిల్ అంటే కొండ, రోడె అంటే రోడ్డే అయి ఉంటుంది, మొత్తం కలిపి కొండదారి అని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఎవరినీ అడగలేదు. తర్వాత పెళ్ళయి, ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చి, పాప పుట్టి, ఇదే ఊళ్ళో ఇల్లు తీసుకున్నాక కూడా ఫోన్లో మావాళ్ళకు అదే అర్థం చెప్పాను. కొండదారి అనే పేరు మా పెద్దమ్మకు చాలా నచ్చింది. నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది కూడా.

ఆ తప్పు దిద్దింది మా పక్కింటి టీచరమ్మ. ఈ ఊరి బడిలో జీవితమంతా పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఎనభై దాటాయి. ఆమెకు ఒక పేరుంది గానీ మా ఇంట్లో ఆమె టీచరమ్మే, మా పాపకు ఓమా, అంటే అమ్మమ్మ.

మొదట్లో ఆమె అంటే నాకు ఒళ్ళు మంట. మేం దిగింది డిసెంబరులో. సామాన్లు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టి, చేతిలో ఒక మంచు పార పెట్టి, "ఇంటి ముందు కాలిబాట మీద మంచు మీరే తీయాలి, అదీ పొద్దున్నే. ఎవరైనా జారిపడితే బాధ్యత మీదే," అంది. గుడ్ మార్నింగ్ లేదు, ఎలా ఉన్నారని లేదు. వచ్చీ రాగానే పాఠమా అని లోపల సలసలా కాగిపోతూ, పైకి మర్యాదగా, "మీది ఈ ఊరేనా?" అని అడిగాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "నేను ఇక్కడ ఉంటాను," అని వెళ్ళిపోయింది. అడిగిన దానికి సూటిగా జవాబు చెప్పడం కూడా రాదు ఈమెకు అనుకున్నాను.

మంచు సరిగ్గా తీయక జారిపడింది చివరికి నేనే. మా గుమ్మం ముందే. కుడి మణికట్టు విరిగింది, కట్టు వేశారు. ఆఫీసు పనికి ఎడమచెయ్యి ఎలాగో సరిపెట్టుకున్నాను గానీ పాప జడల దగ్గర చేతులెత్తేశాను. మా ఆయన వేసిన జడ కిటాకు, అంటే చిన్నపిల్లల బడికి, చేరేలోపే ఊడిపోయేది. రెండో రోజో మూడో రోజో టీచరమ్మ మళ్ళీ తలుపు కొట్టింది. ఈసారి చేతిలో దువ్వెన ఉంది. "పాపను కూర్చోబెట్టండి," అంది. నా కట్టు విప్పేదాకా ప్రతి ఉదయం వచ్చింది. మంచు కురిసినా వచ్చింది. రెండు జడలు బిగించి అల్లి, రిబ్బన్లు కట్టి, చెంప మీద ఒకటి తట్టి పంపేది. ఆమె అల్లిన జడ సాయంత్రం దాకా వెంట్రుక కదిలేది కాదు. నాకు అమ్మ చేతి జడలు గుర్తొచ్చి, స్టవ్ దగ్గర నిలబడి ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకున్నానో. ఆ ఋణం తీరేది కాదు. తీర్చుకోవాలని కూడా లేదు, ఉండనీ అనిపిస్తుంది.

పాప కదలకుండా కూర్చోవాలంటే కథ కావాలి. ఆ కథల్లోనే ఊరి పేరు గుట్టు బయటపడింది.

"అప్పుడు ఇదంతా అడవి," అని మొదలుపెట్టింది టీచరమ్మ, జడపాయలు విడదీస్తూ. "ఇల్లు లేదు, దారి లేదు. హిల్లా అనే ఎవరో వచ్చారు. చెట్లు నరికారు. మొద్దులు పెకలించారు. రాళ్ళు ఏరి గట్టు పోశారు. నేల చదునుచేసి ఏవో గింజలు చల్లారు. అలా అడవి కొట్టి చేసిన నేలను పాతకాలంలో రోడె అనేవారు. హిల్లా కొట్టిన నేల, అందుకని హిల్లెన్‌రోడె."

వంటింట్లో ఎడమచేత్తో ఉప్మా కలుపుతున్న నేను, "పోడు!" అని అరిచాను.

అరవనా మరి? మా అమ్మమ్మగారిది ములుగు అడవి అంచున ఊరు. ఆ చుట్టుపక్కల అడవి కొట్టి సేద్యం చేస్తే దాన్ని పోడు అంటారు. గరిటె పట్టుకునే వచ్చి నాకొచ్చిన జర్మన్‌లో అదంతా చెప్పాను. టీచరమ్మ శ్రద్ధగా విని, నాచేత మూడుసార్లు పలికించి, తనూ "పోడు" అంది. ఆమె నోట అది పోదుకూ పోడుకూ మధ్య ఎక్కడో ఆగింది. కొండదారి సంగతి చెబితే మాత్రం కళ్ళజోడు తీసి మరీ నవ్వింది.

మా పాప అడిగింది, జర్మన్‌లోనే. ఇంట్లో ఎంత తెలుగు మాట్లాడినా అది జవాబిచ్చేది జర్మన్‌లోనే. "హిల్లా ఆడా, మగా?"

"ఎవరికీ తెలియదు. మగవాడని ఈ ఊరి మగవాళ్ళు అంటారు. మొద్దులు పీకే ఓపిక చూస్తే ఆడమనిషని నేనంటాను."

"ఎక్కడి నుంచి వచ్చింది?"

"అదీ తెలియదు. బయటి నుంచి. ఈ ఊళ్ళో మొట్టమొదటి మనిషి కూడా బయటి నుంచి వచ్చిన మనిషే. ఊరి పేరు చెప్పినప్పుడల్లా ఆ మాట చెప్పినట్టే."

బడిలో ఎన్ని తరాల పిల్లలకు చెప్పి ఉంటుందో, ఆ చివరి వాక్యం అప్పజెప్పినంత నునుపుగా వచ్చింది. నాకు ఆ పూటే ఆ పేరు మీద ప్రేమ పుట్టింది. ఇంకో దేశంలో, నోరు తిరగని పేరున్న ఒక ఊళ్ళో ఉన్నామనే బెరుకు కొంచెం తగ్గింది. పోడు ఊరే కదా, మనకు తెలియనిదేముంది అనిపించింది.

నిరుడు వసంతంలో ఊరి నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. మే నెలలో పొలిమేర నడక. కొన్నేళ్ళకోసారి ఊరంతా కలిసి పొలిమేర చుట్టూ నడిచి, సరిహద్దు రాళ్ళన్నీ బ్రష్షులతో తోమి శుభ్రం చేస్తారట. మ్యాపులు లేని రోజుల్లో మొదలైన ఆచారం. అన్నిటికన్నా పాత రాయి అడవి మొదట్లో ఉంటుంది. అక్కడ ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళను ఇద్దరు ఫైర్ బ్రిగేడ్ వాళ్ళు రెక్కలు పట్టి ఎత్తి, ఆ రాయి మీద మూడుసార్లు కుదేస్తారు. మూడోసారి అందరూ ఊరి పేరు అరుస్తారు. వెనకటికి చిన్నపిల్లలను గట్టిగానే కుదేసేవారట, ఆ నొప్పికి పొలిమేర ఎక్కడుందో జన్మలో మరిచిపోకుండా. రాయి మీద కూర్చున్నవాళ్ళు ఇక ఊరివాళ్ళు.

ఈసారి కొత్తవాళ్ళమంటే మేమే. ఊరి మేయర్, ఆయన వృత్తి హీటర్లు బాగుచేయడం, మా ఇంటికి వచ్చి మరీ పిలిచాడు. టీచరమ్మ ముఖం అయితే వెలిగిపోయింది. రోజూ అదే మాట. ఆ రోజు ఏ బూట్లు వేసుకోవాలో, వాన పడితే ఏం తెచ్చుకోవాలో, పాప జడలకు ఏ రంగు రిబ్బన్లో.

నాకేమో గొంతులో వెలక్కాయ పడింది.

మా దిక్కు ఊరి నడిమధ్య బొడ్రాయి ఉంటుంది. ఊరికి బొడ్డు అది. పొలిమేరలో ఇంకో రాయి. వాటికి నీళ్ళు పోసి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, చెప్పులు విడిచి మొక్కుతాం. చిన్నప్పుడు ఆటల్లో బొడ్రాయికి కాలు తగిలితే భయంతో చెంపలు వాయించుకున్నదాన్ని నేను. అలాంటిది, ఊరి పొలిమేర రాయి మీద నా పిర్రలు ఆనించి కూర్చోవడమా? అదీ మూడుసార్లు?

"నేను కూసోను," అన్నాను మా ఆయనతో.

"ఏందే, గది వాళ్ళ రాయి. మన బొడ్రాయి గాదు."

"ఊరి రాయి ఏడున్నా ఊరి రాయే."

"కూసుంటె బీర్ ఫ్రీ అంట. నేనైతే రెండుసార్లు కూసుంట."

"నువ్వు బీర్ ఇస్తనంటె పొయ్యి మీద గూడ కూసుంటవ్."

"సరే పో, కూసోకు. గని టీచరమ్మకు నువ్వే చెప్పాలె. నాతోని గాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌ల మన దోస్తులు రమ్మంటె, ఈ ఊరు ఇడిచి రానన్నది నువ్వే గదా. గిప్పుడు ఊరోళ్ళే పిలిస్తె రానంటవా?"

అక్కడే దెబ్బ తగిలింది. నిజమే. ఊరు నన్ను తనదాన్ని చేసుకుంటానంటే, వద్దని మొహం మీద చెప్పినట్టవుతుంది. ఊరి సంగతి పక్కన పెట్టినా, టీచరమ్మ చిన్నబోతుంది. నా పిల్లకు జడలు వేసిన చేతులవి. అయినా రాయి గుర్తొస్తే భయమేస్తోంది. నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో భయం కూడా అంతే తొందరగా వస్తుంది. కూర్చోలేక, కూర్చోనని చెప్పలేక వారం రోజులు నలిగాను.

చివరికి ధైర్యం చేసి, నడక ముందు రోజు ఆమె ఇంటికి వెళ్ళాను. రబార్బ్ అనే పుల్లటి కాడలు వేసి కేకు చేసి పెట్టింది. అది తింటూ, నమిలీ నమలకా, మొత్తం చెప్పాను. బొడ్రాయి, పసుపు, చెంపలు వాయించుకోవడం అన్నీ. "నన్ను క్షమించండి, నేను నడుస్తాను, రాళ్ళు తోముతాను, కానీ కూర్చోలేను," అన్నాను.

ఆమె కోప్పడలేదు. కేకు ముక్కను ఫోర్కుతో పక్కకు జరిపింది. తర్వాత, పాఠం చెప్పే గొంతుతో కాకుండా, మామూలుగా చెప్పింది.

"నేను కూడా ఎప్పుడూ కూర్చోలేదు."

నేను నమ్మలేదు. ప్రతి నడకలోనూ పిల్లలను ఆ రాయి దగ్గరికి తీసుకుపోయి ఊరి పేరు కథ చెప్పేది ఆమేనని ఊరంతా చెబుతుంది.

ఆమె పుట్టింది ఈ ఊళ్ళో కాదు. ఇప్పుడు పోలండ్‌లో ఉన్న ఒక ఊళ్ళో. యుద్ధం అయిపోయాక అక్కడి నుంచి వెళ్ళగొడితే, వాళ్ళమ్మ ఈమెను బండి మీద వేసుకుని వచ్చింది. అప్పుడు ఈమె బాగా చిన్నపిల్ల. ఈ ఊళ్ళో ఒక రైతు ఇంటి అటక మీద ఉండనిచ్చారు. ఊరికే పోషించాల్సిన నోళ్ళని ఊరివాళ్ళకు వీళ్ళంటే కంటగింపు. కొన్నాళ్ళకు పొలిమేర నడక వచ్చింది. రాయి దగ్గర పిల్లలందరూ వరసలో నిలబడ్డారు. ఈమె కూడా నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి ఒకాయన చెయ్యి పట్టుకుని వరసలోంచి బయటికి తీసి, "నువ్వు కాదు. మీరు వెనక్కి పోయేవాళ్ళు," అన్నాడట.

"మేం వెనక్కి పోలేదు," అంది టీచరమ్మ. "పోవడానికి అక్కడ ఏమీ లేదు. పెద్దయ్యాక నన్ను ఎవరూ వద్దనలేదు. నేను కూర్చున్నాననే అందరూ అనుకున్నారు. అడిగి కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే నా కళ్ళముందు మీరైనా కూర్చుంటే చూడాలనుకున్నాను. మరేం లేదు, మీ ఆచారం మీది. కేకు ఇంకో ముక్క తీసుకోండి."

నేను ఇంకో ముక్క తీసుకున్నాను. "నేను ఇక్కడ ఉంటాను," అని మొదటి రోజు ఆమె ఎందుకు అన్నదో అప్పుడు అర్థమైంది. జవాబు చెప్పడం రాదని వెక్కిరించుకున్నది గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇంటికొచ్చి పెద్దమ్మకు ఫోన్ చేశాను. మా పెద్దమ్మకు దేవుళ్ళ విషయంలో తెలియని ఆచారం లేదు. ఈవిడ కూడా వద్దంటే ఇక వద్దే అనుకున్నాను. అంతా విని, "రాయి మీద కూసోవెట్టి, ఇగ నువ్వు మా ఊరి బిడ్డవు అంటరా?" అంది.

"అవును పెద్దమ్మా."

"మరి భయమేంది బిడ్డా? ఊరమ్మ ఒళ్ళె కూసోవెడుతుండ్రన్నట్టు. తల్లి ఒళ్ళె కూసుంటె తప్పెట్లయితది? మొక్కి కూసో. కొంచెం పసుపు, కుంకుమ పట్కపో." ఆగి మళ్ళీ అంది, "గా ముసలమ్మను గూడ ఎవలన్న కూసోవెట్టరాదు? పాపం ఎన్నేండ్లాయె."

ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

మర్నాడు ఎండ కాసింది. బడిపిల్లలు ముందు, ఫైర్ బ్రిగేడ్ వాళ్ళు వెనక, నడవలేని పెద్దవాళ్ళకు ట్రాక్టరు ట్రాలీ. టీచరమ్మ ట్రాలీలో వచ్చింది. ఆమె పక్కన చేతికర్రతో ఒక ముసలి రైతు. అడవి అంచు దాకా రాళ్ళు తోముకుంటూ నడిచాం. బ్రష్షు పని మా పాపకు తెగ నచ్చేసి, ప్రతి రాయికీ అదే ముందు పరుగెత్తింది.

పాత రాయి మోకాలెత్తు ఉంటుంది. నాచు పట్టి, పైన కొంచెం పల్లంగా, ఎందరో కూర్చుని కూర్చుని నునుపు తేలింది. టీచరమ్మ ట్రాలీ దిగి, ఎప్పటిలాగే దాని పక్కన నిలబడి పిల్లలకు కథ చెప్పింది. అప్పుడు ఇదంతా అడవి. హిల్లా అనే ఎవరో వచ్చారు. ఆఖరి వాక్యం దాకా, ఒక్క మాట జారకుండా.

మేయర్ చేతులు రుద్దుకుంటూ నా వైపు తిరిగాడు. "ఇక మన కొత్త కుటుంబం! మొదట అమ్మగారు."

నా జర్మన్ అసలే ఇలాంటప్పుడు నన్ను వదిలేసి పారిపోతుంది. ఆ రోజు మాత్రం నిలబడింది. "నేను కూర్చుంటాను," అన్నాను. "కానీ మా దగ్గర, పెద్దవాళ్ళు నిలబడి ఉండగా చిన్నవాళ్ళం కూర్చోం. టీచర్‌గారు నిలబడి ఉన్నారు. ముందు ఆవిడ."

అందరూ నవ్వారు. మేయర్ కూడా. "ఆవిడ మేమంతా పుట్టకముందే కూర్చుని ఉంటుంది!"

"ఎవరైనా చూశారా?" అన్నాను.

మేయర్ జవాబు కోసం చుట్టూ చూశాడు. టీచరమ్మ నా వైపు చూసిన చూపులో కోపం ఉందో ఇంకేం ఉందో చెప్పలేను. అనవసరంగా నోరు పారేసుకున్నానా, ఇన్నేళ్ళు కాపాడుకున్న ఆమె మర్యాదను నలుగురిలో పెట్టానా అని నాలిక కరుచుకున్నాను.

అప్పుడు ట్రాలీలోంచి ఆ ముసలి రైతు మాట్లాడాడు. "కూర్చోలేదు. వరసలో నిలబడింది. నేను తన వెనకే ఉన్నాను. చెయ్యి పట్టి బయటికి తీసింది మా నాన్న."

ఆయన కర్ర మీద ఆనుకుని, మెల్లగా, ఒకరి సాయంతో ట్రాలీ దిగాడు. తన కోటు విప్పాడు. ఆదివారాలు చర్చికి వేసుకునే మంచి కోటు అది. దాన్ని నాలుగు మడతలు పెట్టి రాయి మీద పరిచి, చేత్తో సర్దాడు. టీచరమ్మ వైపు చూడలేక కాబోలు, రాయినే చూస్తూ, "ముసలి ఎముకలు, మెల్లగా," అని ఫైర్ బ్రిగేడ్ కుర్రాళ్ళను కసిరాడు.

టీచరమ్మ చేతిసంచీ నాకు ఇచ్చింది. కళ్ళజోడు కూడా తీసి ఇచ్చింది. ఇద్దరు మనుషులు ఆమెను గాజుసామానులా ఎత్తారు. ఒకటి. రెండు. మూడోసారి ఊరంతా పేరు అరిచింది, అడవి మారుమోగింది. మా పాప గొంతు అన్నిటికన్నా పైన వినబడింది. ఆమె రాయి మీద అలాగే కూర్చుండిపోయింది, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, బడిలో బెంచీ మీద చిన్నపిల్ల కూర్చున్నట్టు. ఏడుస్తుందేమో అనుకున్నాను. నేను ఏడుస్తున్నాను. ఆమె మాత్రం గొంతు సవరించుకుని, "మూడోది కాస్త మెత్తగా పడింది," అంది. అందరూ ఒక్కసారిగా నవ్వేశారు.

నా వంతు వచ్చింది. బూట్లు విడిచాను. కొంచెం నీళ్ళు చల్లి, రాయి అంచున పసుపు రాసి, కుంకుమ పెట్టి, వంగి మొక్కాను. "అది పోతుందా?" అని మేయర్ చిన్నగా అడిగాడు. వానకు పోతుందన్నాను. "అయితే ఎల్లుండికి పోతుంది," అన్నాడు, మా ఊరి వాతావరణం తెలిసినవాడు. రైతు రాయి మీది తన కోటు తీసేయబోతే, ఉండనీ అన్నాను గానీ వినలేదు, తీసుకున్నాడు. పెద్దమ్మ మాట తలుచుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాను. నా తర్వాత మా ఆయన, ఆయన తర్వాత పాప. పాప దిగనంటే దిగనని పేచీ పెట్టింది.

చివర్లో ఫైర్ బ్రిగేడ్ షెడ్డు ముందు సాసేజీలు, బీరు. ఊరివాళ్ళకు మొదటి గ్లాసు ఊరి తరఫున, బయటివాళ్ళయితే కొనుక్కోవాలి. బీరు పోస్తున్నావిడ పక్క ఊరి నుంచి సాయానికి వచ్చింది, మమ్మల్ని ఎరగదు. టీచరమ్మ నా మోచెయ్యి పట్టుకుని వరసలో నిలబడింది. మా వంతు వచ్చింది.

"మీరు ఈ ఊరివాళ్ళేనా?" అని అడిగిందామె.

టీచరమ్మ ఈసారి ఆగలేదు. "అవును," అంది. నా మోచేతిని ఇంకొంచెం దగ్గరికి లాక్కుని, "ఈ అమ్మాయి కూడా," అంది.

నాకు బీరు అలవాటు లేదు. ఆ రోజు గ్లాసు మొత్తం తాగాను.